సీసం కరిగింది, ఉక్కు మిగిలింది

నాకు రెండు జబాన్లు. అలీఫ్ బే నేర్చుకున్నది ఉర్దూ మీడియం బళ్లో. తెలుగు సరిగ్గా పట్టుబడింది కాలేజీకొచ్చాక, డిగ్రీలో. క్లాసులో నా తలఫ్ఫుజ్ విని దోస్తులు నవ్వేవాళ్ళు, ఇంట్లో నేను తెలుగు పద్యం అప్పజెబుతుంటే అమ్మీ నవ్వేది. అందుకే అచ్చుయంత్రాల తారీఖ్ చదువుతూ ఒక చోట ఆగిపోయాను. ఒకే రాత్రి, ఒకే కార్ఖానాలో నా రెండు జబాన్లకూ దెబ్బ తగిలింది. ఒక జబాన్ వ్యాకరణం కాలిపోయింది. ఇంకో జబాన్ కితాబు అచ్చు ఆగిపోయింది.

ఆ కార్ఖానా బెంగాల్‌లో, కలకత్తాకు ఎగువన హుగ్లీ నది ఒడ్డున, శ్రీరాంపూర్‌లో ఉండేది. 1800లో విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ అనే ముగ్గురు పాదరీలు అక్కడ ప్రెస్ పెట్టారు. అప్పుడా ఊరు డెన్మార్క్ చేతిలో ఉంది. కంపెనీ తన ఇలాఖాలో పాదరీలను ఉండనిచ్చేది కాదు కాబట్టి వాళ్ళు అక్కడ చేరారు. వాళ్ళ మక్సద్ మత ప్రచారం. దాని మీద ఎవరి రాయ్ వాళ్ళకుంటుంది. ఇవాళ నేను చెప్పేది అక్కడ పనిచేసిన హునర్ గురించి.

ఆ రోజుల్లో ఒక అక్షరం అచ్చులోకి రావాలంటే ఎంత మేహనత్ ఉండేదో చూడండి. ముందు ఉక్కు కడ్డీ కొస మీద అక్షరాన్ని తిరగేసి చెక్కాలి. దాన్ని పంచ్ అంటారు. ఆ పంచ్‌ను రాగి ముక్క మీద పెట్టి సుత్తితో కొడితే అక్షరం గుంటగా పడుతుంది. ఆ గుంటలో కరిగించిన సీసం మిశ్రమం పోస్తే ఒక్క అక్షరం దిమ్మె తయారవుతుంది. ఇంగ్లీషుకు ఇలాంటివి కొద్ది పదులు చాలు. మన తెలుగుకు గుణింతాలు, ఒత్తులు కలిపి వందల ముక్కలు కావాలి. ఉర్దూలో అదే హర్ఫ్ మొదట ఒక షకల్‌లో, మధ్యలో ఒక షకల్‌లో, చివర ఇంకో షకల్‌లో ఉంటుంది.

ఈ పని తెచ్చింది పాదరీలు కాదు, పంచానన్ కర్మకార్ అనే బెంగాలీ కమ్మరి. 1778లో హుగ్లీలో హాల్‌హెడ్ బెంగాలీ వ్యాకరణం అచ్చయినప్పుడు చార్లెస్ విల్కిన్స్ దగ్గర బెంగాలీ అక్షరాలు చేసిన చెయ్యి ఆయనది. తర్వాత శ్రీరాంపూర్ ప్రెస్‌లో చేరాడు. తన అల్లుడు మనోహర్‌కు పని నేర్పాడు. కొన్నేళ్ళకే ఆ ఉస్తాద్ పోయాడు. షాగిర్ద్ మిగిలాడు.

1812 మార్చి 11, బుధవారం. మగ్రిబ్ వేళ. వార్డ్ ఇంకా ప్రెస్‌లోనే ఉన్నాడు. కాగితం నిల్వ ఉన్న వైపు నుంచి పొగ వచ్చింది. దాదాపు 200 అడుగుల పొడవైన హాలు అది. వార్డ్ తలుపులు, కిటికీలు మూయించాడు. గాలి అందకపోతే మంట చస్తుందని ఆయన అందాజా. పైకప్పుకు కన్నం పెట్టి గంటల తరబడి నీళ్ళు పోయించాడు. మంట దాదాపు అణిగింది. అంతలో ఎవరో కిటికీలు తెరిచారు. గాలి దూరింది, హాలంతా భగ్గుమంది. అర్ధరాత్రికి కప్పు కూలింది. అల్లా దయవల్ల ప్రాణాలేవీ పోలేదు.

నుక్సాన్ సుమారు 10,000 పౌన్లు. కాగితమంతా బూడిదైంది. పద్నాలుగు భాషల అక్షరాలు కరిగిపోయాయి, అందులో తెలుగు ఒకటి. అన్నిటికన్నా పెద్ద దెబ్బ రాతప్రతులది. కేరీ రాసిన తెలుగు వ్యాకరణం కాలిపోయింది. సంస్కృతం ఆధారంగా ఎన్నో భాషల మాటలు పక్కపక్కన పేర్చి ఆయన కూరుస్తున్న పెద్ద నిఘంటువు పని కూడా పోయింది. హెన్రీ మార్టిన్ అనే పాదరీ మిర్జా ఫిత్రత్ సాయంతో చేసిన ఉర్దూ తర్జుమా అచ్చు అక్కడే నిలిచిపోయింది. మార్టిన్ అదే ఏడాది అక్టోబరులో టర్కీలోని తోకాత్‌లో చనిపోయాడు. తన కితాబు చూసుకోలేదు.

ఆ రాత్రి కేరీ కలకత్తాలో ఉన్నాడు, ఫోర్ట్ విలియం కాలేజీలో పాఠాలు చెప్పే పని మీద. మర్నాడు మార్ష్‌మన్ వెళ్ళి ఖబర్ చెప్పాడు. సాయంత్రానికి కేరీ వచ్చి, ఇంకా పొగలొస్తున్న శిథిలాల మధ్య నిలబడి ఏడ్చాడు.

అప్పటికే వార్డ్ బూడిద తవ్విస్తున్నాడు. అందులో రెండు దొరికాయి. ఒకటి, గడ్డకట్టిన సీసం ముద్దలు. రెండోది, ఉక్కు పంచ్‌లు, చెక్కుచెదరకుండా. ఇందులో కరామత్ ఏమీ లేదు. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. ఉక్కు కరగాలంటే 1,400 డిగ్రీలు దాటాలి. పక్క గదిలో ఉన్న అచ్చుయంత్రాలూ బతికాయి.

ఒక కంపెనీకి అద్దెకిచ్చిన గోదాము అదృష్టవశాత్తూ కొద్ది రోజుల ముందే ఖాళీ అయింది. అందులో కొలిమి పెట్టారు. పాత సీసాన్నే మళ్ళీ కరిగించి, మనోహర్, అతని సాథీలు వంతులేసుకుని రాత్రింబవళ్ళు అక్షరాలు పోశారు. కొన్ని వారాల్లోనే అచ్చు మళ్ళీ మొదలైంది. ఇంగ్లండ్‌లో, స్కాట్లండ్‌లో చందాలు ఎత్తితే నుక్సాన్ మొత్తం సుమారు రెండు నెలల్లో జమైంది. కేరీ మళ్ళీ కలం పట్టాడు. ఒకసారి నడిచిన దారిలో రెండోసారి నడక సులువేనని దోస్తులకు రాశాడు. తెలుగు వ్యాకరణం 1814లో వచ్చింది. ఆగిన ఉర్దూ కితాబు కూడా అదే 1814లో వచ్చింది. నా రెండు జబాన్లూ ఒకే ఏడాది ఆ కొలిమిలోంచి బయటికొచ్చాయి.

ఇక్కడితో ఆపేస్తే ఇది హిమ్మత్ కథ అవుతుంది. స్టేజీల మీద అలాగే చెబుతారు. కాని ఆ పెద్ద నిఘంటువు ఎప్పటికీ పుస్తకంగా రాలేదు. చందాలతో కాగితం కొనొచ్చు, ఒక మనిషి ఏళ్ళ తరబడి పోగేసిన మాటలు కొనలేం. ఇంకో సంగతి. కేరీ కన్నీళ్ళు తారీఖ్‌లో ఉన్నాయి, ఉండాలి కూడా. మనోహర్ పేరైనా మిగిలింది. ఆ గోదాములో రాత్రంతా సీసం పొగ పీల్చిన మిగతా కారీగర్ల పేర్లు మనలో ఎవరం చెప్పగలం? ఉక్కు పంచ్ ఉంటే సరిపోదు కదా, దాన్ని వాడే చెయ్యి ఉండాలి. పంచానన్ తన హునర్ ఇంకొకరికి నేర్పకుండా పోయి ఉంటే, బూడిదలో దొరికిన ఆ పంచ్‌లు ఉత్త ఇనుప ముక్కలు.

ఇది చదివాక నాకు మా ఇంటి ట్రంకు పెట్టె గుర్తొచ్చింది. అందులో అబ్బా బయాజ్ ఉంది. నచ్చిన షేర్లు, హకీం చెప్పిన నుస్ఖాలు, ఖాందాన్‌లో ఎవరి నికా ఎప్పుడైందో, ఎవరి ఇంతెకాల్ ఎప్పుడో, అన్నీ ఆయన చేత్తో రాసుకున్న నోట్‌బుక్. నకలు లేదు. ఒక్క చెదపురుగు చాలు, ఒక్క షార్ట్ సర్క్యూట్ చాలు. గాభరాపడి ఒక ఆదివారం కూర్చుని ప్రతి సఫా ఫోన్‌తో ఫోటో తీశాను. తమ్ముడికి, చెల్లెలికి పంపాను. హమ్మయ్య అనుకున్నాను.

నా కూతురు తొమ్మిదో తరగతి, ఇంగ్లీషు మీడియం. ఫోటోలు చూసి, “అబ్బా, దాదా ఏం రాశారు ఇందులో?” అని అడిగింది. ఉర్దూ మాట్లాడుతుంది, చదవడం రాదు. అప్పుడు అర్థమైంది, నేను దాచింది సీసమేనని. ఫోటోలు పది చోట్ల ఉన్నా చదివే కళ్ళు లేకపోతే ఆ బయాజ్ ఏ మంటా లేకుండానే పోతుంది. మన ఇళ్ళలో ఎన్ని బయాజ్‌లు, ఎన్ని ఖత్‌లు ఇలాగే పోతున్నాయో మీకూ తెలుసు.

ఫజర్ తర్వాత అరగంట. పోయిన వారం నుంచి అలీఫ్ బేతో మొదలుపెట్టాం. జీమ్ దగ్గర ఉన్నాం. ఆ బొజ్జ గీత తనకు ఇంకా సరిగ్గా రావడం లేదు. నాకూ చిన్నప్పుడు వచ్చేది కాదు.