జాతీయోత్పత్తి పెరిగింది, రోమాల కొలువు పోయింది

సోషలిస్టు దేశాలు మార్కెట్టు దారి పట్టిన కథను మన మేధావులు రెండే రకాలుగా చెబుతారు. ఒకరికది పతనం, ఇంకొకరికది విముక్తి. ఇద్దరి చేతుల్లోనూ ఒకే పట్టిక ఉంటుంది: పోలండు 1996కల్లా 1989 నాటి ఉత్పత్తి స్థాయిని అందుకుంది, హంగేరీకీ స్లొవేకియాకూ ఆ దశాబ్దం చివరిదాకా పట్టింది, రష్యాకు ఇంకా ఆలస్యమైంది. ఇవి దేశం మొత్తానికి తీసిన లెక్కలు. ఊరు మొత్తానికి లెక్క తీసి వాడ సంగతి ఎత్తకపోవడం మనకు కొత్త కాదు. తూర్పు యూరప్‌లో ఆ వాడ రోమాలది.

లోకం వీళ్ళను జిప్సీలంటుంది. దాదాపు వెయ్యేళ్ళ కింద ఇండియా నుంచి వెళ్ళిన జనం. ఇప్పటికీ నీళ్ళను 'పానీ' అనే అంటారు. 'రోమ్' అనే మాట 'డోమ్' నుంచే వచ్చిందని చాలామంది భాషావేత్తల అభిప్రాయం. ఉత్తరాదిన శవాలు కాల్చే అంటరాని కులం పేరు కూడా డోమే. పేరు కలిసినంత మాత్రాన కులం ఒకటేనని తేల్చెయ్యలేం గానీ, అక్కడ వాళ్ళ బతుకు చూస్తే మనకు పరాయిగా అనిపించదు. ఇప్పటి రుమేనియాలో భాగమైన వలాకియా, మొల్దావియాల్లో 1850ల దాకా వాళ్ళు దొరలకూ మఠాలకూ బానిసలు. నాజీల కాలంలో చెక్ ప్రాంతపు రోమాల్లో అత్యధికుల్ని చంపేశారు. యుద్ధం తర్వాత అక్కడి ఫ్యాక్టరీలకు వచ్చినవాళ్ళు ఎక్కువగా స్లొవేకియా పల్లెల నుంచి వచ్చిన రోమాలే.

సోషలిస్టు రాజ్యం వాళ్ళకేమిచ్చింది? కొలువిచ్చింది. అది చిన్న విషయమేం కాదు. హంగేరీలో 1971లో ఇష్త్వాన్ కెమేన్యి నాయకత్వంలో సర్వే జరిగింది. పనిచేసే వయసున్న రోమా మగవాళ్ళలో నూటికి 85 మందికి పని ఉందని అందులో తేలింది. ఉక్కు ఫ్యాక్టరీలు, గనులు, కట్టడాలు, సహకార వ్యవసాయ క్షేత్రాలు - బరువు పని ఎక్కడుంటే వాళ్ళక్కడ. వారం వారం తూర్పు పల్లెల నుంచి బుడాపెస్టుకు కూలీల్ని మోసే రైళ్ళకు 'నల్ల రైలు' అనే పేరు పడింది. తక్కువ జీతం, నైపుణ్యం నేర్పని పని, అయినా నెల తిరిగేసరికి చేతికి డబ్బు.

తీసుకున్నదీ ఉంది. చెకొస్లొవేకియా 1958లో చట్టం చేసి సంచార జీవితాన్ని నిషేధించింది. రోమాల్ని ఒక జాతిగా గుర్తించలేదు. 'జిప్సీ మూలాలున్న పౌరులు' అని రాసుకుంది. 1970ల నుంచి డబ్బు ఆశ చూపీ బెదిరించీ రోమా ఆడవాళ్ళకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించింది. వర్గం పోతే అన్నీ పోతాయని చెప్పిన రాజ్యంలోనే రోమా పిల్లల్ని మందబుద్ధుల బడిలో కూచోబెట్టారు. ఈ సంగతి మన మార్క్సిస్టు మిత్రులు ఎత్తరు.

1989 తర్వాత ఏం జరిగింది? ఆర్థికవేత్త యానోష్ కోర్నాయి దీన్ని 'పరివర్తన మాంద్యం' అన్నాడు. హంగేరీ జాతీయోత్పత్తి నాలుగేళ్ళలో దాదాపు ఐదో వంతు పడిపోయింది. మాంద్యం అందరికీ తగిలింది, నిజమే. కానీ ముందు తీసేసింది ఎవర్ని? నైపుణ్యం లేదని రాసిపెట్టిన వాళ్ళని. ఓజ్ద్ లాంటి ఉక్కు పట్నాల్లో కొలిమి ఆరిపోయాక రోమా వాడల్లో జీతం తెచ్చే మనిషి అరుదైపోయాడు. 1993 నాటి సర్వేలో పని ఉన్న రోమా మగవాళ్ళు మూడో వంతు కూడా లేరు. ఇరవై రెండేళ్ళలో అంత తేడా!

ఇక్కడే ఆస్తి ప్రశ్న వస్తుంది. మార్కెట్టు రావాలంటే రాజ్యం చేతిలో ఉన్న ఆస్తిని ఎవరికో అప్పజెప్పాలి. ఎవరికి? చెకొస్లొవేకియా 1991 చట్టాలు 1948 ఫిబ్రవరి తర్వాత గుంజుకున్న ఆస్తుల్ని పాత యజమానులకో వారసులకో తిరిగిచ్చాయి. లొబ్కోవిట్స్ లాంటి ప్రభు వంశాలకు కోటలు తిరిగొచ్చాయి. 1948లో సెంటు భూమి లేని రోమాకు ఏం తిరిగొస్తుంది? బల్గేరియాలోనూ అంతే: సహకార క్షేత్రాలను విడగొట్టి పాత హక్కుదారులకు పంచారు, నలభై ఏళ్ళు ఆ పొలాల్లో చెమటోడ్చిన రోమాలు గట్టు మీద నిలబడ్డారు. న్యాయం పేరుతో గడియారాన్ని వెనక్కి తిప్పితే, ఆ వెనకటి కాలంలో ఏమీ లేనివాడికి మళ్ళీ ఏమీ లేకపోవడమే దక్కుతుంది. రోమాకున్న ఒకే ఆస్తి ఉద్యోగం. దానికి పట్టా లేదు.

పైగా 1993లో దేశం రెండు ముక్కలైనప్పుడు చెక్ పౌరసత్వానికి అయిదేళ్ళ నేరం లేని చరిత్ర చూపాలన్నారు. ఏళ్ళ తరబడి అక్కడే బతికిన స్లొవేకియా మూలాల రోమాలు అనేకమంది ఉన్నచోటే విదేశీయులయ్యారు.

తర్వాత వృద్ధి వచ్చింది, రాలేదని ఎవరన్నారు? స్లొవేకియాకు ఫోక్స్‌వాగన్, కియా, ప్యూజో కార్ల ఫ్యాక్టరీలు వచ్చాయి, 2007లో వృద్ధి 10 శాతం దాటింది. ఈ కార్ల ఫ్యాక్టరీలు ఎక్కువగా పడమటి దిక్కున ఉన్నాయి, పెద్ద పెద్ద రోమా వాడలు తూర్పున. వృద్ధికి ముందు ఏం చేశారో కూడా చూడాలి. 2004లో పేదకూ పెద్దకూ ఒకటే 19 శాతం పన్ను పెట్టారు, అదే ఏడాది నిరుపేదలకిచ్చే భృతి కోశారు. ఫిబ్రవరిలో తూర్పు స్లొవేకియాలో ఆకలితో రోమాలు దుకాణాల మీద పడ్డారు. ట్రెబిషోవ్‌లో పోలీసులు నీటి ఫిరంగులు వాడారు, సైన్యాన్నీ దించారు. మే 1న ఆ దేశం యూరోపియన్ యూనియన్‌లో చేరింది.

బడిదీ అదే కథ. చెక్ ఉక్కు నగరం ఓస్ట్రావాకు చెందిన 18 మంది రోమా పిల్లలు వేసిన కేసులో యూరప్ మానవ హక్కుల కోర్టు 2007లో వివక్ష జరిగిందని తీర్పు చెప్పింది. ఆ నగరంలో మామూలు పిల్లవాడి కంటే రోమా పిల్లవాడు 'ప్రత్యేక' బడికి పోయే అవకాశం 27 రెట్లు ఎక్కువని ఆ కేసులో లెక్క చూపారు. కొలువున్న కాలంలో ఆ బడిలో చదివినా కొలిమి దగ్గర పని దొరికేది. మార్కెట్టు సర్టిఫికెట్ అడిగింది.

మన దగ్గర ప్రభుత్వ సంస్థ అమ్మితే దానితోపాటు రిజర్వేషనూ పోతుంది. రోమాలకు పోగొట్టుకోవడానికి ఆ పాటి రాతపూర్వక హక్కు కూడా లేదు.

లేటి అని బొహీమియాలో ఒక ఊరు. నాజీల కాలంలో అక్కడ రోమాల నిర్బంధ శిబిరం ఉండేది. సోషలిస్టు ప్రభుత్వం 1970లలో అక్కడే పందుల ఫారం కట్టింది. 1990లలో ఆ ఫారం ప్రయివేటు వాళ్ళ చేతికి పోయింది. దాన్ని ఖాళీ చేయించడానికి చెక్ ప్రభుత్వం 2017లో యజమానులకు 45 కోట్ల క్రౌన్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. బలవంతపు ఆపరేషన్లు జరిగిన ఆడవాళ్ళకు తలా 3 లక్షల క్రౌన్లిచ్చే చట్టం 2021లో గానీ రాలేదు.