జీపు స్టీరింగ్ లూజు

స్టీరింగ్ కొంత తిప్పినా ముందు చక్రాలు కదలకుండా ఉండిపోవడాన్ని స్టీరింగ్ లూజు లేదా స్టీరింగ్ ప్లే అంటారు. ఏ పాత వాహనానికైనా ఇది వచ్చేదే. విల్లీస్ నమూనా జీపుల్లో మాత్రం కీళ్లు ఎక్కువ కాబట్టి త్వరగా బయటపడుతుంది. మహీంద్రా సంస్థ 1940ల చివర్లో ముంబయిలో ఈ జీపుల కూర్పు మొదలుపెట్టింది. ఆ వంశానికి చెందిన బండ్లు నేటికీ మన రోడ్ల మీద కనిపిస్తాయి.

ప్లే అసలే లేని బండి ఉండదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 98వ నియమం ప్రకారం అది 30 డిగ్రీలు మించకూడదు. 40 సెం.మీ. వ్యాసమున్న స్టీరింగ్ అంచు దగ్గర కొలిస్తే ఇది 10 సెం.మీ. పైనే అవుతుంది. చట్టం ఒప్పుకుంది కదా అని అంత లూజుతో హైవే ఎక్కడం ప్రమాదం.

అరుగుదల ఎక్కడ

స్టీరింగ్ బాక్సులో మరలాంటి కామ్ తిరుగుతూ ఒక లివర్‌ను కదుపుతుంది. ఆ కదలిక పిట్‌మన్ ఆర్మ్, డ్రాగ్ లింక్, బెల్ క్రాంక్, టై రాడ్‌ల మీదుగా చక్రాలకు చేరుతుంది. ఒక్కో కీలులో అరుగుదల కొంచెమే అయినా, అన్నీ కలిసేసరికి చేతికి పెద్ద లూజుగా తెలుస్తుంది. ముందు క్రాస్ మెంబర్ మీద ఉండే బెల్ క్రాంక్‌కు దుమ్మూ బురదా ఎక్కువ. గ్రీజు అందకపోతే దాని షాఫ్టు, బేరింగులు తొందరగా పోతాయి.

పరీక్ష

ఇంజను ఆపి, బండిని నేల మీదే ఉంచి, ఒకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ కొద్దికొద్దిగా ఊపాలి. రెండోవారు కింద ఒక్కో కీలు మీద చెయ్యి వేసి చూడాలి. ఒకవైపు కదిలి రెండోవైపు కదలికలో ఆలస్యం తెలిసిన చోటే అరుగుదల. స్టీరింగ్ బాక్సే ఛాసిస్ మీద కదులుతుంటే ముందు దాని బోల్టులు బిగించి, ఆ చోట పగులు ఉందేమో చూడాలి.

తర్వాత ముందు ఇరుసును జాకీతో లేపి, స్టాండు మీద నిలిపి, టైరును పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఆట కనిపిస్తే ఒకరిని బ్రేకు తొక్కమనాలి. అప్పుడు ఆట పోతే తప్పు వీల్ బేరింగుది, పోకపోతే చక్రాన్ని పక్కలకు తిరగనిచ్చే కింగ్ పిన్‌ది.

మరమ్మతు

స్టీరింగ్ లూజు అనగానే బాక్సు మీది అడ్జస్టింగ్ స్క్రూ బిగించేయడం చాలా షెడ్లలో అలవాటు. ఇది తప్పు. బయటి కీళ్లు సరిచేశాకే బాక్సు జోలికి వెళ్లాలి. బండి ఎక్కువగా తిన్నగానే నడుస్తుంది కాబట్టి కామ్ మధ్యభాగం ముందు అరుగుతుంది. ఆ మధ్యలోని లూజు పోయేదాకా బిగిస్తే చివర్లలో పట్టేస్తుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు. ఈ దశకు వస్తే బాక్సు విప్పి కామ్, లివర్ మార్చాలి.

డ్రాగ్ లింక్ చివరి ప్లగ్గును పూర్తిగా బిగించి, కొద్దిగా వెనక్కి తిప్పి స్ప్లిట్ పిన్ వెయ్యాలి. టై రాడ్ ఎండ్ నట్టుకు స్ప్లిట్ పిన్ రంధ్రం కలవకపోతే ఇంకాస్త బిగించి కలపాలే తప్ప, వదులు చేసి కలపకూడదు. పాత స్ప్లిట్ పిన్ మళ్లీ వాడకూడదు. కింగ్ పిన్ బేరింగుల బిగువును షిమ్ములతో సరిచేస్తారు. ఇవన్నీ అయ్యాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి.

అరిగిన బాల్ జాయింట్‌కు వెల్డింగ్ పెట్టించి నడిపేవారున్నారు. వేడికి ఉక్కు గట్టిదనం మారి, ఎప్పుడు విరిగేదీ తెలియదు. అది విరిగితే చక్రం మీద డ్రైవరుకు ఏ అదుపూ ఉండదు. అలాంటి జాయింట్‌ను తీసి కొత్తది వేయించేదాకా బండిని రోడ్డెక్కించకండి.