తల్లికొంగు శాస్త్రమయిన కథ

బిడ్డకు తల్లి మీద అంత మమత ఎందుకని అడిగినవానిని మన ఇండ్లలో పెద్దలు ఎగాదిగా చూచి ఊరకుందురు. పాశ్చాత్య దేశములలో ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున పండితులు మాత్రము ఈ ప్రశ్నకు వెనుదీయక సమాధానము చెప్పినారు: పాలిచ్చును గనుక. ఆకలి తీర్చిన మనిషిని శిశువు కాలక్రమమున ప్రేమించుట నేర్చుకొనునని ప్రవర్తనవాదులును, ఫ్రాయిడు అనుయాయులలో పెక్కుమందియు తమ తమ పరిభాషలలో నమ్మినారు. అమెరికాలో జాన్ వాట్సన్ మరియొక అడుగు ముందుకు వేసి, 1928లో ప్రకటించిన శిశుపోషణ గ్రంథమున, పిల్లలను ముద్దాడి ఒడిలో కూర్చుండబెట్టుకొనవద్దనియు, తెల్లవారగానే కరచాలనము చేసిన చాలుననియు తల్లులకు ఉపదేశించినాడు. ఆ ఉపదేశము పాటింపబడిన ఇండ్లలో పిల్లల గతి యేమైనదో గాని, పుస్తకము మాత్రము విరివిగా అమ్ముడుపోయినది.

ఈ నమ్మకమును కూలద్రోసినదే అనుబంధ సిద్ధాంతము. దీనిని గూర్చి వ్రాయువారు సాధారణముగా బౌల్బీ పేరుతో ఆరంభించి, ప్రయోగశాలలోని ఒక గదితో ముగింతురు. నాకు తోచినంతలో ఆ గది ఈ కథకు చివరి మజిలీయే గాని పుట్టిల్లు కాదు. పరుల యిండ్లలోను, ఆసుపత్రి వార్డులలోను గంటల తరబడి కూర్చుండి, కంటబడినదెల్ల వ్రాసికొన్న ఇద్దరు ముగ్గురి ఓపిక నుండి ఈ శాస్త్రము పుట్టినది.

జాన్ బౌల్బీ 1907లో లండను నగరమున ఒక రాజవైద్యుని యింట జన్మించినాడు. ఆనాటి ఆంగ్ల సంపన్న గృహములలో బిడ్డకు తల్లి దర్శనము సాయంకాలపు తేనీటి తరువాత ఒక గంట సేపు. తక్కిన దినమంతయు దాదిదే. తన్ను పెంచిన దాది నాలుగేండ్లు నిండీ నిండకమునుపే పని విడిచిపోగా, ఆ ఎడబాటును ఆయన పెద్దవాడయిన పిమ్మట గూడ తలచుకొన్నాడు. వైద్యమును, మనోవిశ్లేషణమును అభ్యసించి, దొంగతనమునకు అలవాటుపడిన 44 మంది పిల్లల చరిత్రలను 1944లో ప్రకటించినాడు. ఎవరి మీదను మమకారము లేనివారని ఆయన ఎంచిన 14 మందిలో 12 మంది చిన్ననాడే తల్లికి దీర్ఘకాలము దూరమైనవారు. లెక్క చిన్నది, దానినుండి తీసిన నిర్ణయము పెద్దది, విమర్శకులు ఊరుకొనలేదు. అయినను ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ఇల్లు వాకిలి లేని బిడ్డల మనస్స్థితిని గూర్చి నివేదిక వ్రాయుమని ఆయననే కోరినారు. అది 1951లో వెలువడినది.

బౌల్బీకి కన్నులై పనిచేసినవాడు జేమ్స్ రాబర్ట్‌సన్ అను స్కాట్లండు దేశస్థుడు. యుద్ధకాలమున ఆనా ఫ్రాయిడు హాంప్‌స్టెడ్‌లో నడపిన శిశుసదనమునకు ఇతడు బాయిలరు చూచుకొను పనివాడుగా వచ్చినాడు. ఉద్యోగమేదైనను, పిల్లలలో తాము గమనించిన విషయములను కార్డుల మీద వ్రాసి ఇయ్యవలెనని ఆమె పెట్టిన నియమము పనివారందరికిని వర్తించెడిది గనుక, ఇతడును వ్రాసినాడు; వ్రాయుచు వ్రాయుచు చూచుట నేర్చినాడు. 1948లో టావిస్టాక్ క్లినిక్కులో బౌల్బీ వద్ద చేరి, ఆసుపత్రులలోని పసిపిల్లలను పరిశీలింప మొదలిడినాడు. ఆ దినములలో ఇంగ్లండు ఆసుపత్రులు పెక్కింటిలో తలిదండ్రులు బిడ్డను చూచుటకు వారములో కొలది గంటలే అనుమతి. మొదట గగ్గోలు పెట్టిన పిల్లలు క్రమముగా సద్దుమణిగినచో, కుదుటపడినారని నర్సులు సంతోషించెడివారు. ఆ కుదుట మీద రాబర్ట్‌సన్‌కు నమ్మకము లేదు. చేతితో పట్టుకొను కెమెరా యొకటి సంపాదించి, రెండేండ్ల అయిదు నెలల లారా అను బాలిక బొడ్డు వద్ద శస్త్రచికిత్స కొరకు ఆసుపత్రిలో గడపిన 8 దినములను చిత్రముగా తీసినాడు. ఏడ్చిన గడియలను ఏరి తీసినాడను మాట రాకుండ, ముందుగా నిర్ణయించుకొన్న వేళలలోనే తీయుచు, గడియారము కూడ తెర మీద కనబడునట్లు జాగ్రత్తపడినాడు. లారా గొంతెత్తి ఏడ్చు పిల్ల కాదు. నిబ్బరముగా ఉండి, ఉండి ఉండి అమ్మ యేదని అడుగును. ఆ అమ్మ వచ్చి నిలుచున్నప్పుడు మొగము త్రిప్పుకొనును. 1952లో రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్ వారి సభలో ఈ చిత్రమును చూచి వైద్యులు పలువురు మండిపడినారు. తలిదండ్రుల రాకకు ఆంక్షలు తొలగింపవలెనని ప్రభుత్వము నియమించిన ప్లాట్ సంఘము చెప్పుటకు 1959 వరకు పట్టినది.

పాలకు మమతకు ముడి లేదని చూపు నిదర్శనములు ఇంతలో ఇతర దిక్కుల నుండియు వచ్చినవి. బాతుపిల్లలు గ్రుడ్డు నుండి వెలువడిన వెంటనే కనబడినదాని వెంట పడునని జంతువుల నడవడిని పరిశీలించిన లోరెంజ్ 1935లోనే వ్రాసియున్నాడు. పాలసీసా తగిలించిన తీగెబొమ్మను వదలి కోతిపిల్లలు మెత్తని గుడ్డబొమ్మనే కరచుకొనియుండుట మనస్తత్వవేత్త హార్లో 1958లో లోకమునకు చూపినాడు. బౌల్బీ ఆ యేడే తన సిద్ధాంతమునకు రూపురేఖలు దిద్దినాడు. ఆపద తోచినప్పుడు రక్షకుని చెంత చేరుట ఆకలివలెనే శిశువునకు జన్మతః వచ్చిన అవసరమని ఆయన వాదము.

అయినను ఇది యంతయు ఎడబాటును గూర్చిన శాస్త్రము. కలిసియున్న తల్లీబిడ్డల నడుమ ఏమి జరుగుచున్నదో చూచిన ఘనత మేరీ ఎయిన్స్‌వర్త్‌ది. టొరంటోలో చదువుకొన్న ఈ విదుషి 1950లో భర్త వెంట లండనుకు వచ్చి, పత్రికలోని ప్రకటన చూచి బౌల్బీ వద్ద ఉద్యోగమున చేరినది. రాబర్ట్‌సన్ వ్రాతప్రతులను చదివి, తానును అట్లే నేరుగా చూచి వ్రాయవలెనని నిశ్చయించుకొన్నది. భర్తకు ఉగాండాలో ఉద్యోగము దొరకగా 1954లో కంపాలా చేరి, ఆ పరిసర గ్రామములలో 26 గాండా కుటుంబములను ఎన్నుకొని, దుబాసీని వెంటబెట్టుకొని రెండేసి వారములకొకసారి వారి యిండ్లకు పోయి, రెండేసి గంటలు కూర్చుండెడిది. పాలు మాన్పించునపుడు బిడ్డను బంధువుల యింటికి పంపు ఆచారము వలన కలుగు ఫలితములు చూడవలెనని ఆమె పోయినది. తీరా చూడగా ఆ ఆచారము అప్పటికే సన్నగిల్లిపోయినది. పోయిన పని చెడినందుననే శాస్త్రమునకు మేలు కలిగినదని నా నమ్మకము. దోగాడు బిడ్డ తల్లిని విడిచి గది చివరకు పోవుట, వెనుదిరిగి చూచుట, క్రొత్తవారు రాగానే గబగబ వచ్చి ఆమె మోకాలు పట్టుకొనుట, కాస్త ధైర్యము చిక్కగానే మరల బయలుదేరుట ఆమె అక్కడ కన్నులార చూచినది. బిడ్డకు తల్లి, లోకమును చూడబోవుటకు ఒక నిబ్బరమైన స్థావరమని టొరంటోలో గురువు బ్లాట్జ్ వద్ద విన్న భావము ఆ గుడిసెలలో ఆమెకు ప్రత్యక్షమైనది.

తరువాత అమెరికాలోని బాల్టిమోరులో 1963 నుండి మరి 26 కుటుంబములు. మూడేసి వారములకొకమారు నాలుగేసి గంటలు, బిడ్డకు 54 వారములు నిండువరకు. ఒక్కొక్క యింట సుమారు 72 గంటలు. ఏడ్చిన వెంటనే ఎత్తుకొన్నచో బిడ్డ చెడిపోవునను వాట్సన్ నాటి భయము ఇక్కడ తేలిపోయినది: వెంటనే పలికిన తల్లుల బిడ్డలే యేడాది చివరకు తక్కువ ఏడ్చినారని సిల్వియా బెల్‌తో కూడి ఆమె 1972లో ప్రకటించినది. ఒక్క చిక్కు మాత్రము వచ్చినది. తల్లి గది వెలుపలికి పోవుటకు, మరల వచ్చుటకు అలవాటుపడిన ఆ పిల్లలు, ఉగాండా పిల్లలవలె ఇంటిలో ఆమెను అంటిపెట్టుకొని కనబడలేదు. అందుచేత బార్బరా విటిగ్‌తో కలిసి, బిడ్డ యెరుగని గదియొకటి, ఆటబొమ్మలు, ఒక అపరిచిత స్త్రీ, మూడేసి నిమిషముల ఘట్టములు ఎనిమిది, ఇరువది నిమిషములకు పైన కొలదిగా పట్టు తంతు నొకదానిని కల్పించినది. తల్లి రెండుమారులు వెడలిపోయి రెండుమారులు తిరిగివచ్చును.

ఏడ్చుటలో కంటె, తల్లి తిరిగివచ్చినప్పటి నడవడిలోనే బిడ్డల తారతమ్యము బయటపడినది. అధిక సంఖ్యాకులు ఏడ్చినను ఆమెను చేరి, ఊరడిల్లి, మరల బొమ్మల వైపు పోయినారు. కొందరు చంకనెక్కియు కాళ్లు తన్నుచు ఊరడిల్లలేదు. మరికొందరు ఆమె పోయినను చలింపక, వచ్చినను బొమ్మల మీదినుండి తల యెత్తలేదు. పైకి ధీరులుగా కనబడిన ఈ కడపటివారి యింటి చరిత్రను విప్పి చూడగా, చేరబోయినప్పుడు తల్లి విముఖత రుచి చూచినవారని తేలినది. 72 గంటల వ్రాతలు చేత లేకున్నచో వారిని స్వతంత్రులని మెచ్చుకొనియుందురు. గుండె వేగము కొలిచిన స్రూఫ్, వాటర్స్ అనువారు 1977లో వారి నిబ్బరమంతయు పైపైదేనని చూపినారు.

1978లో సంపూర్ణ గ్రంథము వెలువడిన పిమ్మట ఆ గది దేశదేశములకు ప్రాకినది. ఇంటి వ్రాతలు వెనుకబడినవి. జర్మనీలో బీలెఫెల్డ్ పిల్లలలో దాదాపు సగము తల్లిని తప్పించుకొనువారుగా లెక్కకు వచ్చినారు. జపానులోని సప్పోరోలో తకహాషి పరీక్షించిన 60 మందిలో అట్టివారు ఒక్కరును లేక, ఊరడిల్లనివారు నూటికి 32 మంది తేలినారు. ఏడాది నిండువరకు తల్లి వీపు విడువని బిడ్డకు ఒంటరి గది ఎట్టి శిక్షయో ఊహింపవచ్చును. నాయనమ్మ చంకనుండి పిన్ని చంకకు మారుచు పెరిగిన మన పిల్లలకును ఆ గది న్యాయము చేయునని నేననుకొనను. అయినను 8 దేశములలోని 32 పరిశోధనలను 1988లో పోల్చి చూచిన వాన్ ఐజెన్‌డోర్న్, క్రోనెన్‌బర్గ్ అనువారు, దేశదేశముల నడుమనున్న భేదము కంటె ఒకే దేశములోని భేదమే హెచ్చని కనుగొన్నారు.

పరిశోధకులందరు గదినే పట్టుకొని ఇండ్లకు పోవుట మానినారని ఎయిన్స్‌వర్త్ తన చివరి సంవత్సరములలో బాహాటముగా నొచ్చుకొన్నది. కారణమును ఆమె యెరుగును: ఇంటింట గడపిన గంటలు వ్యాసములుగా మారుటకు యేండ్లు పట్టును, ఉద్యోగములు నిలుపుకొనవలసిన యువ ఆచార్యులకు అంత వ్యవధి లేదు.