మంచుపెట్టెలో వచ్చిన చేప

చేపలవేట యనగానే మనకు గాలము, ఎర, చెరువుగట్టు స్ఫురించును. ట్రౌటు అను చేపను పట్టువారి పద్ధతి వేరు. వారి గాలమునకు ఎర యుండదు. పక్షి యీకలను పట్టుదారముతో చుట్టి, ఈగను బోలిన బొమ్మను దానికి కట్టుదురు. ఆ బొమ్మకు బరువు లేదు. విసరినను దూరము పోదు. బరువైన దారమే కొరడావలె గాలిలో సాగి, దానిని మోసికొనిపోయి నీటిపై మెల్లగా దించును.

ఈ వేటకు పేరొందిన తావులలో టాస్మేనియా యొకటి. అది ఆస్ట్రేలియా ఖండమునకు దక్షిణమున నున్న దీవి. భూగోళపు దక్షిణార్ధమున నుండుటచే అచట మార్చి మొదలు మే వరకు శరత్తు. మనము మామిడిపండ్లకై ఎదురుచూచు దినములలో అచటి కొండసరస్సులపై చలిగాలి వీచుచుండును. యూకలిప్టసు చెట్లపైని పెంకుపురుగులు ఆ గాలికి నీట రాలగా, ట్రౌటు పైకి వచ్చి వానిని మ్రింగును. అప్పుడు వేటగాడు కట్టు బొమ్మయు ఈగ కాదు, పెంకుపురుగే.

అయినను 1864కు పూర్వము ఆ దీవిలో ట్రౌటు ఒక్కటియు లేదు. అచట స్థిరపడిన ఆంగ్లేయులు కోరినదియు ట్రౌటును కాదు, సామను చేపను. తెల్లదొరలకు ఏ దేశమునకు పోయినను తమ యూరి చేప లేనిదే తోచదు కాబోలు! 1852లోను, 1860లోను, 1862లోను ఓడలలో గ్రుడ్లను పంపిరి. అన్నియు చెడిపోయెను. ప్రయాణము మూడు నెలలు. నడుమ ఉష్ణమండలమును దాటవలెను. అయితే 1862 నాటి యోడలో నాచుపరచి మంచులో నుంచిన యొక చిన్నపెట్టెలోని గ్రుడ్లు తక్కినవానికంటె ఎక్కువ దినములు బ్రదికెను. జేమ్స్ యూల్ అను నాతడు ఈ సంగతిని పట్టుకొని, లండనులోని మంచుకొట్లలో పరీక్షలు సాగించెను. చలిలో గ్రుడ్డు చావదు. దాని పెరుగుదల మందగించును, అంతే. ఓడకు కావలసినదియు అదియే.

1864 జనవరి 21వ తేదీన 'నార్ఫోక్' అను నోడ సుమారు లక్ష సామను గ్రుడ్లతో బయలుదేరెను. ఫ్రాంక్ బక్లండు, ఫ్రాన్సిస్ ఫ్రాన్సిస్ అను నిద్దరు సుమారు 3,000 ట్రౌటు గ్రుడ్లను గూడ వానితో చేర్చిరి. ఏప్రిల్ 15న ఓడ మెల్బోర్న్ చేరెను. అచటినుండి పెట్టెలు మరియొక నౌకలో టాస్మేనియాకు, ఆపైన నదిమీదుగా ప్లెంటీ అను నేటి యొడ్డున త్రవ్విన కొలనులకు చేరెను. మే 4న మొదటి ట్రౌటుపిల్ల గ్రుడ్డునుండి వెలువడెను. మొత్తము సుమారు 300 పిల్లలు దక్కెను.

నదిలో విడిచిన సామను సముద్రమునకు పోయెనే గాని, మరలివచ్చి స్థిరపడలేదు. పిలిచిన చుట్టము రాలేదు. వెంట వచ్చినవాడు ఇల్లు చేజిక్కించుకొనెను. 1866లోనే ట్రౌటు ఆ కొలనులలో గ్రుడ్లు పెట్టెను. 1867లో వాని సంతతి న్యూజీలండుకు పోయెను. 1870లో కొండలపైని గ్రేట్ లేక్ అను సరస్సులో 120 ట్రౌట్లను విడిచిరి. మన కాశ్మీరమునకును ఈ చేప గ్రుడ్ల రూపముననే వచ్చినది. 1899లో పంపినవి త్రోవలో చెడగా, 1900లో పంపినవి బ్రదికెను.

ఇంతవరకు చెప్పినది గెలిచినవారి కథ. టాస్మేనియా నీళ్లలో గెలాక్సియాస్ అను, పొలుసులు లేని చిన్నచేపలు అనాదిగా కలవు. వీనిలో పెక్కుజాతులు ఆ దీవిలో తప్ప మరెచటను లేవు. ట్రౌటు వానిని తినును; వాని తిండినిగూడ తినును. అందుచే కొన్ని జాతులు నశించు స్థితికి వచ్చినవి. వేటగాండ్రకు పండుగయైనది వీనికి గండమైనది. ట్రౌటుపై నేరము మోపనేల? అది తనంతట రాలేదు.

ఏప్రిల్ నెలాఖరున పెక్కుచోట్ల ఈ వేటను ఆపుదురు. అప్పటికి ట్రౌట్లు సరస్సులను వీడి, గ్రుడ్లు పెట్టుటకై సెలయేళ్లకు ఎదురీదుచుండును. అడ్డముగా జలపాతము వచ్చినచోట అవి ఆగవలసినదే. అట్టి కొన్ని జలపాతములకు ఎగువన, మోకాటిలోతు చల్లనినీటిలో, ఆ పొలుసులేని చిన్నచేపలు నేటికిని తిరుగుచున్నవి.