పిలిస్తే పలకని గొట్టం

2017 నవంబరులో బ్రిటన్ పత్రికలకు ఒక వింత వార్త దొరికింది. వీధిలో నీటి గొట్టం ఎక్కడుందో చూడడానికి వచ్చిన సాంకేతిక నిపుణుడు రెండు వంచిన తీగలు చేతబట్టి అటూ ఇటూ నడిచాడు. అది చూసిన ఒక ఇంటివాళ్లు తమ కూతురికి చెప్పారు. ఆమె పేరు సాలీ లె పేజ్, ఆక్స్‌ఫర్డ్‌లో జీవశాస్త్ర పరిశోధకురాలు. ఊరుకోకుండా 12 నీటి కంపెనీలను అడిగేసింది. తమ సిబ్బందిలో కొందరు ఆ తీగలు ఇంకా వాడుతున్నారని 10 కంపెనీలు ఒప్పుకున్నాయి. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టో, వేపపంగ పట్టుకునో బోరు పాయింటు చూసే మనిషిని ఎరిగిన తెలుగు రైతుకు ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు. కాకపోతే మనవాళ్లు వెతికేది భూదేవి దాచుకున్న నీళ్లను. అక్కడ వెతుకుతున్నది మనుషులే పాతిపెట్టిన గొట్టాన్ని.

ఇనుప గొట్టాల రోజుల్లో ఇంత అవస్థ ఉండేది కాదు.

1881 జులైలో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో దిగిన తూటాను కనిపెట్టడానికి, టెలిఫోన్‌తో పేరు తెచ్చుకున్న గ్రాహం బెల్ ఒక యంత్రం పట్టుకొచ్చాడు. తూటా దొరకలేదు. పరుపు కింది ఉక్కు తీగలు యంత్రాన్ని తికమక పెట్టాయని ఆయన తర్వాత తేల్చుకున్నాడు. కానీ కంటికి కనపడని లోహాన్ని చెవితో పట్టుకోవచ్చన్న ఆలోచన మాత్రం నిలిచింది. 1930లలో ఆ ఆలోచనకు అంగడి చూపించినవాడు జర్మనీ నుంచి కాలిఫోర్నియా వచ్చి స్థిరపడ్డ గెర్హార్డ్ ఫిషర్. విమానాలకు రేడియోతో దారి చూపే పరికరాల మీద పనిచేస్తుండగా, లోహం దగ్గర్లో ఉంటే లెక్కలు తప్పుతున్నాయని ఆయన దృష్టికి వచ్చింది. ఆ తప్పునే పనిముట్టుగా మార్చాడు. 1937లో పేటెంటు దక్కింది. కర్రకు ఆ చివరొక చెక్కపెట్టె, ఈ చివరొక చెక్కపెట్టె. ఒకటి రేడియో తరంగం పంపుతుంది. భూమిలోని లోహంలో దానివల్ల సన్నని విద్యుత్ ప్రవాహం పుడుతుంది. రెండో పెట్టె ఆ అలికిడిని పట్టుకుంటుంది. నిధుల వేటగాళ్లు ఎగబడ్డారు సరే, నీటి శాఖలకూ గ్యాస్ కంపెనీలకూ పైపులు వెతికే సాధనం దొరికింది. ఇనుప గొట్టం మట్టి కింద పడుకున్నా, పిలిస్తే పలికేది.

ఆ పలుకు ప్లాస్టిక్‌తో పోయింది. 1933 మార్చి 27న ఇంగ్లండులోని విన్నింగ్టన్ ప్రయోగశాలలో గిబ్సన్, ఫాసెట్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలకు పాలిథిన్ తారసపడింది. వాళ్లు చేయబోయిన ప్రయోగం వేరు, పాత్రలో మిగిలిన మైనంలాంటి పదార్థం వేరు. జర్మనీలో ఆ దశాబ్దంలోనే పీవీసీ గొట్టాలు వేయడం మొదలైంది. 1953లో కార్ల్ జీగ్లర్ కనిపెట్టిన పద్ధతితో తక్కువ ఒత్తిడిలోనే గట్టి పాలిథిన్ తయారైంది. మనం హెచ్‌డీపీఈ అంటున్నది దాన్నే. తుప్పు లేదు, బరువు లేదు, ఒక మనిషి భుజాన వేసుకుపోవచ్చు. తెలుగు నేలకు ఈ గొట్టం ఎంత దగ్గరైందంటే, నంద్యాలలో నంది పైపులు స్థాపించిన ఎస్పీవై రెడ్డి ఆ ఊరి నుంచే మూడుసార్లు ఎంపీగా గెలిచారు. అణు పరిశోధన కేంద్రంలో ఉద్యోగం వదిలి వచ్చిన మనిషాయన. సూర్యాపేటలో సుధాకర్ పైపులు సరేసరి.

నిజానికి ప్లాస్టిక్‌కంటే ముందే పట్టణాల్లో ఆస్బెస్టాస్ సిమెంటు గొట్టాలు వచ్చాయి, అవీ ఫిషర్ పెట్టెకు దొరకవు. ప్లాస్టిక్ ఆ లోపాన్ని ఊరూరికీ, చేనుచేనుకీ పంచిందంతే.

విరుగుడు ముందుగా గ్యాస్ వాళ్లకు తట్టింది. గ్యాస్ గొట్టానికి గునపం తగిలితే ప్రాణాలే పోతాయి మరి! 1970 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం గ్యాస్ పైప్‌లైన్లకు భద్రతా నిబంధనలు తెచ్చింది. ప్లాస్టిక్ గొట్టం పాతితే దాన్ని మళ్లీ కనిపెట్టడానికి వెంట విద్యుత్ ప్రవహించే తీగ గానీ, మరో మార్గం గానీ ఉండాలన్న షరతు ఆ నిబంధనల్లోదే. అంటే లోహాన్ని వదిలించుకున్న గొట్టానికి మళ్లీ ఓ పోగు లోహాన్ని తోడిచ్చి పంపారు. నీటి గొట్టం పగిలితే పేలదు, వీధి తడుస్తుంది, రెండ్రోజులు నల్లా రాదు. అందుకే నీటి శాఖలకు ఈ తీగ అంత తొందరగా అవసరమనిపించలేదు కాబోలు.

వినడానికి తీగ వేయడం చిటికెలో పని. చెడేదంతా అక్కడే. గొట్టం చుట్టూ తీగను తీగమల్లెలా అల్లితే బాగా అంటిపెట్టుకుంటుందని ఎవరికైనా తోస్తుంది. కానీ పిడుగుపాటు ప్రవాహం ఆ తీగవెంట వస్తే ప్లాస్టిక్ కాలిపోతుంది. అందుకే అమెరికన్ నిబంధన తీగను గొట్టానికి చుట్టకూడదంటుంది, వీలైనంతవరకు తగలనివ్వకూడదనీ అంటుంది. ఇక అతుకులు. రెండు తీగలు మెలేసి టేపు చుట్టి వదిలేస్తే, తడి చేరి రాగి పచ్చబడి, కొన్నేళ్లకు అక్కడ ప్రవాహం తెగుతుంది. తీగ చివర భూమికి ఎర్తింగు లేకపోయినా, గొట్టం జాడ తెలియడానికి తీగలోకి పంపే సంకేతం దూరం పోదు. పైకొచ్చే కొన గేట్ వాల్వు గదిలో అందుబాటులో లేకపోతే, ఇంకేం, తీగ కూడా గొట్టంతోపాటే సమాధి.

1971లో మార్టిన్ చెరింగ్టన్ కాలిఫోర్నియాలోని పహారో నది అడుగున, గట్టు తవ్వకుండా అడ్డంగా డ్రిల్లు వేసి గొట్టం దాటించాడు. ఇవాళ మన రోడ్ల కింద పైపులు లాగుతున్నది ఆ విద్యతోనే. అలా లాగేటప్పుడు మెత్తని రాగితీగ పుటుక్కున తెగుతుంది. అందుకని ఉక్కుతీగకు రాగిపూత వేసి వాడుతున్నారు. దానికి మరో సుగుణముంది: పాత సామాన్ల కొట్టులో పెద్దగా ధర పలకదు. ట్రాన్స్‌ఫార్మర్ పగలగొట్టి రాగి ఎత్తుకుపోయే దొంగలున్న పొలాల్లో ఇది చిన్న సంగతేం కాదు.

తీగకు తోడుగా బంతులూ వచ్చాయి. త్రీఎం కంపెనీ తయారుచేసే నీలంరంగు బంతిని మలుపుల దగ్గర, అతుకుల దగ్గర గొట్టంతోపాటు పాతుతారు. లోపల బ్యాటరీ ఉండదు, తీగచుట్ట ఉంటుంది. పైనుంచి 145.7 కిలోహెర్ట్జ్ తరంగం పంపితే బదులిస్తుంది. గ్యాసుకు పసుపు బంతి, 83 కిలోహెర్ట్జ్. మురుగునీటికి ఆకుపచ్చ.

మరి తీగా బంతీ లేని పాత గొట్టాల గతి? భూమిలోకి చూసే రాడార్ ఉందంటారు. జర్మనీలో లైంబాఖ్, లోవీ 1910లోనే ఆ ఆలోచనకు పేటెంటు తీసుకున్నారు. ఇసుకనేలల్లో అది గొప్పగానే పనిచేస్తుంది. తడిసిన నల్లరేగడి మాత్రం తరంగాలను మింగేస్తుంది. కర్నూలు, ఆదిలాబాదు చేలల్లో దాని మీద ఆశ పెట్టుకుంటే భంగపాటే.

కరెంటు అక్కర్లేని ఉపాయం బ్రిటన్ వీధుల్లోనే ఉంది. అగ్నిమాపక నీటి కొళాయిని చూపే పసుపు పలక మీద హెచ్ అక్షరం, రెండు అంకెలు ఉంటాయి. పై అంకె గొట్టం వ్యాసం మిల్లీమీటర్లలో, కింది అంకె పలక నుంచి కొళాయికి దూరం మీటర్లలో. అంతకంటే మాట అవసరమా?

మన దగ్గర తాగునీటి హెచ్‌డీపీఈ గొట్టానికి నీలిచారలుంటాయి. గుంత తవ్వాకే అవి కనిపిస్తాయి. 2016లో మొదలైన మిషన్ భగీరథ ఒక్కటే తెలంగాణలో లక్ష కిలోమీటర్లకు పైగా పైపులు పరిచింది. 2019లో జల్ జీవన్ మిషన్ తోడైంది. చాలా ఊళ్లలో వాటి పటం వాటర్‌మన్ బుర్రలో ఉంటుంది. ఆయన రిటైరైతే పటం కూడా ఇంటికెళ్లిపోతుంది. 2023 మార్చి 22న, శోభకృత్ ఉగాది నాడు, తవ్వేముందు కింద ఏముందో కనుక్కోమంటూ కేంద్రం ‘కాల్ బిఫోర్ యూ డిగ్’ యాప్ విడుదల చేసింది. అడ్డగోలు తవ్వకాల వల్ల ఏటా దాదాపు 3,000 కోట్ల రూపాయల నష్టమని లెక్క చెప్పింది. అయితే తవ్వబోయేవాడు యాప్‌లో అడిగినా, గొట్టం ఎక్కడుందో దాన్ని వేసినవాళ్లకు తెలిస్తేనే జవాబు వస్తుంది.

మీ వీధిలో, మీ చేలో ఈసారి కందకం తవ్వినప్పుడు పూడ్చేవాళ్లను ఓ గంట ఆపండి. గొట్టం పక్కన తీగ పడిందా, రెండు కొనలూ వాల్వు దగ్గర పైకొచ్చాయా చూడండి. మల్టీమీటరు పెట్టి తీగ తెగలేదని తేల్చుకోండి. ప్రహరీ మూల నుంచి, కరెంటు స్తంభం నుంచి టేపుతో కొలిచి, ఆ రెండు అంకెలూ గోడ మీద పెయింటుతో రాయించండి. మట్టి ఆ తర్వాత పోయించండి.