ఎవరితో, ఎప్పుడు? - కస్ డమాటో శిష్యులు

బాక్సింగు పోటీల నిర్వాహకుడి పాత్రను మనచేత పోషింపజేసే కంప్యూటరు ఆటలున్నాయి. అనామకుడైన కుర్రవాణ్ణి చేరదీసి తారగా మలచడమే వాటిలోని అసలు రుచి. ప్రధానమైన పనిముట్టు ప్రత్యర్థి ఎంపిక. మరీ బలహీనుణ్ణి ఎదురు నిలిపితే కుర్రవాడు నేర్చేదేమీ ఉండదు. మరీ బలవంతుణ్ణి నిలిపితే అక్కడితో సరి. ఈ లెక్కను నిజమైన మనుషులతో జీవితమంతా వేసినవాడు న్యూయార్కు శిక్షకుడు కస్ డమాటో.

ఆయన శిష్యుడు ఫ్లాయిడ్ ప్యాటర్సన్ 1952 హెల్సింకి ఒలింపిక్సులో స్వర్ణం గెలిచి, ఆ ఏడే వృత్తిలోకి వచ్చాడు. 1954లో మాజీ ఛాంపియను జోయీ మాక్సిమ్ చేతిలో పాయింట్ల మీద ఓడాడు. అయినా కుంగలేదు. 1956 నవంబరు 30న ఆర్చీ మూర్‌ను పడగొట్టి, 21 ఏళ్ళకే ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియనయ్యాడు. అంత చిన్న వయసులో ఆ పట్టం అంతకుముందెవరికీ దక్కలేదు.

చిక్కంతా ఆ తరువాతనే. 1957లో, అంతవరకు ఒక్క వృత్తిపోటీ కూడా ఆడని ఒలింపిక్ విజేత పీట్ రాడ్‌మాకర్‌తో టైటిల్ పోటీ జరిపించారు! పోటీలను గుప్పిట పెట్టుకున్న ఇంటర్నేషనల్ బాక్సింగ్ క్లబ్బుతో పొత్తు కుదరదన్నాడు డమాటో. ఆ పట్టుదల న్యాయమైనదే. 1959లో అమెరికా సుప్రీంకోర్టు ఆ గుత్తాధిపత్యాన్ని తప్పుపట్టింది కూడా. అయినా బలాఢ్యుడైన సోనీ లిస్టన్‌తో పోటీకి గురువు ఒప్పుకోలేదు. చివరికి ప్యాటర్సనే గురువు మాట కాదని బరిలో దిగాడు. 1962 సెప్టెంబరు 25న షికాగోలో మొదటి రౌండులోనే నేలకూలాడు. మరుసటి ఏడూ అంతే. గురువు అంచనా తప్పు కాదు. కాని తనను దాచి ఉంచుతున్నారని తెలిసిన ఛాంపియను ఎంతకాలం ఊరకుండగలడు?

వృద్ధాప్యంలో డమాటోకు మరొక కుర్రవాడు దొరికాడు, బాలనేరస్థుల పాఠశాల నుండి వచ్చిన మైక్ టైసన్. చట్టరీత్యా సంరక్షకుడై, క్యాట్‌స్కిల్‌లోని ఇంటనే ఉంచుకొని పెంచాడు. 1985 మార్చి 6న ఆల్బనీలో మొదటి వృత్తిపోటీ. ఆ ఒక్క ఏడే పదిహేను పోటీలు, పదిహేనూ నాకౌట్లే. ఆ నవంబరు 4న గురువు కన్నుమూశాడు. 1986 మేలో జేమ్స్ టిల్లిస్ పది రౌండులూ నిలబడి టైసన్‌ను శ్రమపెట్టాడు; ఆ పదిహేను నాకౌట్లకన్నా ఈ పది రౌండులే ఎక్కువ నేర్పాయని నా అభిప్రాయం. నవంబరు 22న ట్రెవర్ బెర్బిక్‌ను రెండవ రౌండులో ఓడించి, 20 ఏళ్ళ టైసన్ ప్యాటర్సన్ రికార్డును చెరిపివేశాడు.

ఆల్బనీలో టైసన్ ఎదుట మొదట నిలిచినవాడి పేరు హెక్టర్ మెర్సిడెస్. ఒక రౌండు కూడా పూర్తికాకుండానే అతని పని ముగిసింది. కంప్యూటరు ఆటలో అటువంటివాడు ప్రత్యర్థుల జాబితాలో ఒక వరుస మాత్రమే.