బ్లూటూత్ అంతర్జాల పంపిణీలో ఫైర్‌వాల్ సమస్యలు

ఒక కంప్యూటరుకు ఉన్న అంతర్జాల సంబంధాన్ని బ్లూటూత్ ద్వారా చేతి కంప్యూటరు (పామ్, పాకెట్ పీసీ వంటివి) కూడా వాడుకొనేలా చేయడాన్ని బ్లూటూత్ అంతర్జాల పంపిణీ అంటారు. రెండు పరికరాలు జత కుదిరి, తెరపై సంబంధం ఏర్పడినట్లు కనిపిస్తున్నా చేతి కంప్యూటరులో ఒక్క వెబ్ పుట కూడా తెరుచుకోకపోవడం ఈ ఏర్పాటులో తరచు ఎదురయ్యే ఇబ్బంది. చాలా సందర్భాలలో దీనికి కారణం బ్లూటూత్ కాదు, కంప్యూటరులోని ఫైర్‌వాల్. ఈ వ్యాసం ముఖ్యంగా విండోస్ ఎక్స్‌పీ కాలపు పరికరాలను గురించినది. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న ముగిసింది. అయితే సమస్యను వెదికే పద్ధతి ఇతర వ్యవస్థలకూ వర్తిస్తుంది.

నేపథ్యం

2000 దశకపు తొలి సంవత్సరాలలో వచ్చిన చాలా చేతి కంప్యూటర్లలో వై-ఫై ఉండేది కాదు. ఉదాహరణకు 2002లో వచ్చిన పామ్ టంగ్‌స్టన్ టి లో బ్లూటూత్ మాత్రమే ఉంది. నల్గొండను ఆనుకొని ఉన్న పానగల్ వంటి చోట్ల ఆ రోజుల్లో ఇంటికి తీగ ద్వారా అంతర్జాలం రావాలంటే టెలిఫోను తీగే ఆధారం. మొదట డయలప్, 2005 జనవరిలో బీఎస్ఎన్ఎల్ డేటావన్ సేవ మొదలైన తరువాత క్రమంగా బ్రాడ్‌బ్యాండ్ వచ్చాయి. 2004 నాటి భారత బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకారం సెకనుకు 256 కిలోబిట్ల వేగం ఉంటే అది బ్రాడ్‌బ్యాండే. బ్లూటూత్ 1.1 ఒక దిశలో గరిష్ఠంగా 723 కిలోబిట్ల వరకు మోయగలదు కనుక, ఇంట్లోని సంబంధాన్ని పంచడానికి అది సరిపోతుంది. నిజానికి మన ప్రాంతంలో దీనికి తిరుగుదిశ ఏర్పాటు, అనగా సెల్‌ఫోనును మోడెముగా చేసి కంప్యూటరుకు అంతర్జాలం ఇవ్వడం, ఎక్కువగా వాడుకలో ఉండేది.

పనిచేసే విధానం

చేతి కంప్యూటరు కంప్యూటరుతో రెండు రకాలుగా కలుస్తుంది. పాత పద్ధతిలో బ్లూటూత్‌ను ఒక సీరియల్ తీగలా భావించి దానిపై పీపీపీ నియమావళిని నడుపుతారు. కొత్త పద్ధతిలో (పాన్ ప్రొఫైల్) బ్లూటూత్ ఒక చిన్న ఈథర్‌నెట్‌లా ప్రవర్తిస్తుంది. ఎక్స్‌పీ రెండవ సర్వీస్ ప్యాక్‌తో వచ్చిన మైక్రోసాఫ్ట్ బ్లూటూత్ సాఫ్ట్‌వేరు ఈ రెండవ పద్ధతిలో ఇతరులను చేరగలదే గాని, తానే కేంద్రమై ఇతరులకు సంబంధం ఇవ్వలేదు. అందుకే విడ్‌కామ్, బ్లూసోలెయిల్ వంటి సాఫ్ట్‌వేర్లు వాడవలసి వచ్చేది. ఈ సంగతి తెలియక ఫైర్‌వాల్‌ను తిట్టుకొన్నవారు తక్కువేమీ కాదు.

పంపిణీని ఆన్ చేయగానే ఎక్స్‌పీ తన లోపలి వైపుకు 192.168.0.1 అను చిరునామా పెట్టుకొని, చేరిన పరికరాలకు అదే వరుసలో చిరునామాలు ఇస్తుంది. చిరునామా ఇవ్వడానికి యూడీపీ 67, 68 పోర్టులు, పేర్లను సంఖ్యలుగా మార్చే డీఎన్ఎస్‌కు 53వ పోర్టు తెరచి ఉండాలి. ఈ సేవ విండోస్‌లో ఎస్‌వీసీహోస్ట్ అనే ప్రోగ్రాము లోపల నడుస్తుంది. పేరు చూసి అదేదో వైరస్ అనుకొని ఫైర్‌వాల్ అడిగిన ప్రశ్నకు "వద్దు" అని నొక్కితే పంపిణీ అక్కడితో ఆగిపోతుంది.

సమస్యను గుర్తించడం

మొదట చేతి కంప్యూటరుకు ఏ చిరునామా వచ్చిందో చూడాలి. అది 169.254తో మొదలైతే కంప్యూటరు నుండి చిరునామా అందలేదని అర్థం. 67, 68 పోర్టులను ఎవరో అడ్డుకుంటున్నారు. పీపీపీ పద్ధతిలో చిరునామా సంబంధం కుదిరేటప్పుడే వస్తుంది కనుక అక్కడ ఈ పరీక్ష వర్తించదు. చిరునామా సరిగానే ఉంటే, బయటి యంత్రం ఒకదానిని పేరుతో కాక సంఖ్యతో పిలిచి చూడాలి. సంఖ్యతో పలికి పేరుతో పలకకపోతే లోపం డీఎన్ఎస్‌లో ఉన్నట్లు.

ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. చేతి కంప్యూటరు నుండి 192.168.0.1ని పింగ్ చేస్తే జవాబు రాకపోవచ్చు. ఎక్స్‌పీ రెండవ సర్వీస్ ప్యాక్‌లోని ఫైర్‌వాల్ మామూలుగా పింగ్‌కు బదులివ్వదు. దానిని బట్టి సంబంధం లేదనుకోరాదు.

మోడెము లోపలి చిరునామా కూడా 192.168.0 వరుసలోనే ఉంటే మరో చిక్కు. కంప్యూటరుకు రెండు వైపులా ఒకే వరుస ఉండి, ఏ ప్యాకెట్టు ఎటు పోవాలో దానికి తెలియదు. ఇది ఫైర్‌వాల్ దోషం కాకపోయినా చూడడానికి అలాగే ఉంటుంది. మోడెము చిరునామాను 192.168.1 వరుసకు మారిస్తే సరిపోతుంది.

ఇంకొక విచిత్రమైన లక్షణం: చిన్న పుటలు తెరుచుకుంటాయి, పెద్దవి సగంలో నిలిచిపోతాయి. డేటావన్ సంబంధాలు పీపీపీఓఈ పద్ధతిలో నడిచేవి. ఈథర్‌నెట్ ప్యాకెట్టు గరిష్ఠ పరిమాణం 1500 బైట్లు కాగా, పీపీపీఓఈ అందులో 8 బైట్లు తన శీర్షికకు తీసుకొంటుంది; మిగిలేది 1492. ముక్కలు చేయరాదనే గుర్తుతో అంతకన్నా పెద్ద ప్యాకెట్టు వస్తే, దారిలోని యంత్రం "చిన్నవి పంపు" అని ఐసీఎంపీ సందేశం వెనక్కు పంపుతుంది. ఐసీఎంపీ అంతటినీ ప్రమాదకరమని మూసివేసే ఫైర్‌వాల్ ఆ సందేశాన్ని కూడా మింగివేస్తుంది. పంపేవాడు అదే పెద్ద ప్యాకెట్టును మళ్ళీ మళ్ళీ పంపుతూనే ఉంటాడు. ఐసీఎంపీలో ఈ ఒక్క రకాన్ని అనుమతించడం, లేదా చేతి కంప్యూటరు వైపు ప్యాకెట్టు పరిమాణాన్ని తగ్గించడం దీనికి విరుగుడు.

సరిచేయడం

ఎక్స్‌పీతో తొలుత వచ్చిన ఫైర్‌వాల్‌ను అంతర్జాలం వైపున్న సంబంధానికి మాత్రమే పెట్టాలి. లోపలి బ్లూటూత్ సంబంధానికి కూడా పెడితే పంపిణీ పనిచేయదు. జోన్‌అలారం వంటి ఇతర ఫైర్‌వాల్‌లలో 192.168.0.0 వరుసను, 255.255.255.0 మాస్కుతో, నమ్మదగిన మండలంలో చేర్చాలి. రెండు ఫైర్‌వాల్‌లను ఒకేసారి నడపడం మంచిది కాదు. ఒకదానిలో తెరిచిన పోర్టును రెండవది మూస్తుంది, తప్పు ఎక్కడుందో తెలియదు. లినక్స్‌లో ఐపీ ఫార్వర్డింగ్‌ను ఆన్ చేసి, ఐపీటేబుల్స్‌లో మాస్కరేడ్ నియమంతో పాటు ఫార్వర్డ్ వరుసలో బ్లూటూత్ ఇంటర్‌ఫేసుకు అనుమతి ఇవ్వాలి. చాలామంది మొదటిది చేసి రెండవది మరచిపోతారు.

పాకెట్ పీసీని యాక్టివ్‌సింక్ 4 ద్వారా కలిపేవారికి పై పోర్టులు చాలవు. దానికి టీసీపీ 990, 999, 5678, 5721, 26675, యూడీపీ 5679 పోర్టులు కావాలి. ఏది ఆగుతోందో తెలియకపోతే విండోస్ ఫైర్‌వాల్‌లో ఆపివేసిన ప్యాకెట్టులను నమోదు చేసే సౌకర్యాన్ని ఆన్ చేయాలి. విండోస్ ఫోల్డరులో పీఫైర్‌వాల్ అనే లాగ్ ఫైలు తయారవుతుంది. అందులో చేతి కంప్యూటరు చిరునామా ఉన్న "డ్రాప్" వరుసలను, వాటి ఎదుట ఉన్న పోర్టు సంఖ్యను చూస్తే ఊహాగానాలతో పని ఉండదు.

ఫైర్‌వాల్‌ను పూర్తిగా తీసివేయడం

ఇది అందరికీ మొదట తోచే ఉపాయం, అన్నిటికన్నా ప్రమాదకరమైనది కూడా. 2003 ఆగస్టులో వ్యాపించిన బ్లాస్టర్ పురుగు టీసీపీ 135వ పోర్టు ద్వారా, 2004లో వచ్చిన సాసర్ 445వ పోర్టు ద్వారా, వాడుకరి ఏమీ నొక్కకుండానే కంప్యూటరులోకి ప్రవేశించాయి. ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ ఉన్నా అప్పటికి అది మామూలుగా ఆఫ్ చేసి ఉండేది. 2004 ఆగస్టులో రెండవ సర్వీస్ ప్యాక్ వచ్చాకనే అది దానంతట అదే ఆన్‌లో ఉండసాగింది.

బ్రాడ్‌బ్యాండ్ మోడెమును బ్రిడ్జి పద్ధతిలో పెట్టి కంప్యూటరు నుండే డయల్ చేసేవారికి బయటి చిరునామా నేరుగా కంప్యూటరుకే వస్తుంది. అటువంటి ఇంట్లో, చేతి కంప్యూటరులో ఒక పుట తెరవడం కోసం ఫైర్‌వాల్ తీసివేస్తే, ఇల్లంతటికీ ఉన్న ఒక్క కంప్యూటరునూ బయట పెట్టినట్లే. పరీక్ష కోసం తీయక తప్పకపోతే ముందు మోడెము తీగను విప్పి, చేతి కంప్యూటరుకు చిరునామా వస్తుందో లేదో మాత్రమే చూసి, మళ్ళీ ఫైర్‌వాల్ పెట్టిన తరువాతనే తీగ తగిలించాలి.

బ్లూటూత్ వైపు కూడా జాగ్రత్త అవసరం. జత కుదిర్చిన తరువాత రెండు పరికరాలను ఇతరులకు కనిపించకుండా ఉంచాలి, 0000 లేదా 1234 వంటి సంకేత సంఖ్యలు వాడరాదు. 2004లో బయటపడిన కాబిర్ పురుగు సింబియన్ ఫోన్ల మధ్య బ్లూటూత్ ద్వారానే వ్యాపించింది. కంప్యూటరులోని ఫైర్‌వాల్ దానిని ఆపలేదు, ఎందుకంటే అది ఐపీ ప్యాకెట్టుగా కాక బ్లూటూత్ ఫైలుగా ఫోను నుండి ఫోనుకు వెళ్ళేది.